వంకాయ పథ్యం

ప్రియమైన కోటక్కకు,

"నాయన మీద ప్రయోగాలు చేస్తన్నావా, బుద్ధుందా?" అని నిన్న మీ ఇంట్లో అందరి ముందర అడిగినావే, అదేం బాగలేదు. నా సంచిలో పొడి పొట్లం చూసినావు, అంతే, ఎగిరినావు. మూలికల దుకాణమాయన అశ్వగంధ, సరస్వతి ఆకు, ఇంకేందో కలిపినాడంట. విషమా ఏంది? గొర్రెలు చచ్చినప్పటి నుంచి నాయనకు దిగులు, నిద్ర లేదు. పొడి తింటే కునుకు పడతాంది. ఎనిమిదిలో బడి మానేసినోనికి ఏం తెలుసంటావు. రాచర్లలో ఆయన పక్కన ఉండేది నేనే గదా.

ఫోన్ చేస్తే ఇద్దరం అరుచుకుంటాం. అందుకే రాసి కనిగిరి బస్సు కండక్టర్ శ్యాంసన్ అన్నకిస్తన్నా.

అలిగిన నీ తమ్ముడు,
కాటమరాజు

---

ఒరే రాజూ, నా బంగారు తమ్ముడా,

నీ జాబు చదివి నాయనకు ఫోన్ చేసినా. "పొడేందమ్మా? కొత్త గొర్రెపిల్లలు తెచ్చినాం, చూడ్డానికి రా" అని నవ్వతాండాడు. రాత్రి వంకాయ కూర తిన్నాడంట. మూలికల పొడి ఏది తిన్నా వంకాయ కూడదు గదరా, పథ్యం!

మొన్న నా ఇంట్లో వంకాయ పక్కకు నెట్టిందెవరు? చిన్నప్పుడు గిన్నె నాకేటోడివి. కడుపునొప్పి అన్నావు, నమ్మినా.

దిగులు ఎవరికిరా? చెప్పు. తిట్టను.

ఫోన్ పక్కనే పెట్టుకోనున్న
నీ అక్క

---

ప్రియమైన అక్కకు,

నాకే.

పోయిన నెల మార్కాపురంలో డాక్టరుకు చూపించుకున్నా. ఎవరికీ చెప్పలే. డిప్రెషన్ అన్నాడు. మాత్రలిచ్చి, పని చేయడానికి కొన్ని వారాలు పడతాదన్నాడు. అంత ఓపిక నాకేడిది? మూలికల దుకాణమాయన పొడి ఇచ్చి, "పథ్యం ఉన్నన్నాళ్ళు ఇంగ్లీషు మందు ముట్టగాకు" అన్నాడు. వంకాయతో పాటు మాత్రలూ మానేసినా.

మొదట తేలిగ్గానే ఉండె. మళ్ళా మామూలే. పొద్దున లేయాలంటే ఒళ్ళు రాయి మాదిరి ఉంటాది. మొన్న ఆటో తోలతాంటే ఎనక కూచున్న పెద్దామె భుజం తట్టి, "ఏంది నాయనా, ఏడస్తాండావు?" అనింది. ఏడస్తన్నానని నాకే తెలియలే.

నాయనకు చెప్పగాకు. ఇప్పుడిప్పుడే నవ్వతాండాడు.

రేపు మార్కాపురం రా అక్కా. పొడి, మాత్రలు రెండూ డాక్టరు ముందర పెడదాం. ఏది మింగమంటే అది మింగుతా. ఆయన అరిస్తే నువ్వు పక్కనుండు, చాలు.

వచ్చేటప్పుడు వంకాయ కూర కట్టుకొని రా. నూనె ఎక్కువెయ్యి, అమ్మ చేసినట్టే...

ఆటో నిండింది. అరస్తాండారు. పోవాల.