మాగోగు మీద గెలిచిన వాదన

ఆదివారం, చీపురుపల్లి

ఈ రోజు చర్చిలో పాస్టరు గారు ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధాన్ని బైబిల్లో అంత్యదినాల గురించిన యెహెజ్కేలు ప్రవచనంతో ముడిపెట్టి చెప్పారు. బయటికి వచ్చాక మరదలు మేరి నా పక్కన నడుస్తూ అంది.

"బావా, మంగళవారం ఆపరేషన్ మానీసాను. ప్రభువు రాకడ దగ్గరకొచ్చీసినాది. ఇప్పుడీ కోతలెందుకు?"

రెండేళ్ల క్రితం నా భార్య సుగుణ కూడా అచ్చం ఇలాగే అంది. అప్పుడు ఉక్రెయిన్ యుద్ధం. నేను అట్లాసు తెచ్చి, ఆ ప్రవచనంలో దండెత్తి వచ్చే మాగోగు అంటే రష్యా కాదని గంటసేపు నిరూపించాను. తను నవ్వి ఒప్పుకుంది. ఆపరేషన్‌కి మాత్రం వెళ్లలేదు. కడుపులో గడ్డ ముదిరి చనిపోయింది.

ఈసారి వాదించలేదు. "భయమేస్తోందేటి, మేరీ?" అని అడిగాను.

తను నేల చూస్తూ అంది. "మత్తిచ్చాక మరి లేవనేమోనని, బావా. అక్క కూడా నాతో అదే అనీది. నీకు సెప్తే ఎగతాళి సేస్తావని సెప్పనేదు."

 "మంగళవారం నేనూ ఆసుపత్రికి వస్తాను," అన్నాను. తలూపింది.

దారిలో తనకు ధైర్యం చెప్పాలి. ఎలా చెబుతారో తెలియడం లేదు. సుగుణకు ఎప్పుడూ చెప్పలేదు.