సంతనాటి బస్సు వరుసలు

మోక,
బుధవారం.

ప్రియమైన మహాదేవక్కా,

ఫోన్ చేస్తే నీ గొంతు వినాల్సి వస్తుందని ఉత్తరం రాస్తున్నాను. మన పల్లె బస్సుల వేళలు ఫోన్లలో కనిపించేలా అందరం కలిసి రాస్తున్నామే, అందులో నీ వరుసలు తుడిచేసింది నేనే.

ఆదివారం నావి పంపబోతే, అందరి రాతలూ కలిపి ఉంచే గిట్ ఒప్పుకోలేదు. నా దగ్గరున్న రాతల బ్రాంచి, అందరికీ కనిపించే సర్వర్‌లో ఉన్న బ్రాంచి వేరువేరు దారులు పట్టాయంది. ముందు నీవి తెచ్చుకుని, రెండూ కలిపి పంపాల్సింది. ఆ మాత్రం తెలియక కాదక్కా. సర్వర్‌లో నీ వరుసలు చూశాను. డిపో బోర్డులో లేని బస్సులు రాశావని నవ్వుకున్నాను. ఇంజనీరింగ్ చదివిన పొగరు. అక్కడున్నవి తుడిచి నావే నిలిపేలా ఫోర్స్ పుష్ కొట్టేశాను. మూడు వారాలు తెక్కలకోట స్టాండులో నిలబడి నువ్వు రాసినవన్నీ పోయాయి.

నిన్న మా అమ్మ హనుమంతమ్మ తెక్కలకోట సంతకు పోయి, మొహం కందిపోయి వచ్చింది. "పోయిన వారం ఫోన్లో సంతబస్సు కనపడ్తాండె. ఈ పొద్దు ఏమైందో లేదప్పా. బోర్డు నమ్ముకోని రెండు గంటలు ఎండలో నిలబడినా," అంది. సంతనాడు బస్సు ముందే కదులుతుందని, అది ఏ బోర్డు మీదా ఉండదని నాకు అప్పుడు తెలిసింది. కుట్టుమిషను పని మానుకుని నువ్వెందుకు అక్కడ నిలబడ్డావో కూడా. నీ అంత ఓపిక, నీ అంత చూపు నాకు లేవక్కా. సిగ్గుగా ఉంది. ఈ పని మానేస్తున్నాను.

క్షమించమని అడిగే మొహం లేని
సిద్దేశ్

---

తెక్కలకోట,
శనివారం.

సిద్దేశప్పా,

నీ ఉత్తరం చేరింది. పోయాయని ఏడుస్తున్నావు గానీ, నా బ్రాంచి నా కంప్యూటర్‌లో అలాగే ఉంది. నువ్వు నేర్పిన పనే కదా, మర్చిపోయావా?

నాదీ ఒక మాట చెప్పాలి. ఆదివారమే చూశాను, ఒళ్లు మండింది. నీవి తుడిచేసి నావి తోసేద్దామని ఆ కమాండు టైపు కూడా చేశాను. పక్కనే ఉన్న మా యల్లమ్మత్త తొంగిచూసి, "ఆ పిల్లోడు ఏం రాసినాడో సదివినావేమే?" అంది. చదివాను. ప్రతి బస్సు పక్కన 'మెట్టు ఎత్తు, ముసలివాళ్లకు కష్టం', 'మెట్టు తక్కువ' అని రాశావు. ఒక్కో బస్సు దగ్గరికి పోయి చూడందే అది రాయలేరు. మూడు వారాలు నిలబడ్డా నాకు ఆ ఆలోచనే రాలేదు. టైపు చేసింది చెరిపేశాను.

నీవి తెచ్చుకుని నావాటితో కలిపాను. పదకొండు చోట్ల రెండూ ఢీకొన్నాయి. ఒక్కో వరుసా కూర్చుని విడదీశాను. మామూలు రోజులకు నీ వేళ, సంతనాటికి నాది. నాలుగు చోట్ల నేనే తప్పు రాశాను, నీదే ఉంచాను.

ఇంకా సర్వర్‌లో కలపలేదు. ఎవరో ఒకరు చదివి సరే అనాలి కదా, ఆ చోట నీ పేరు పెట్టాను. మానేస్తానంటే నీ ఇష్టం. ఈ ఉత్తరం మీ ఊరి బస్సులోనే పంపుతున్నాను, రేపటికల్లా అందుతుంది. మళ్లీ సంత మంగళవారం. నువ్వు సోమవారంలోగా చూడకపోతే మీ అమ్మ మళ్లీ ఎండలోనే నిలబడుతుంది.

మీ అక్క
మహాదేవి