రంభ గ్యాంగు పాట

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఆరేళ్లు. పొద్దున్నే నీ పేరున అన్నం పెట్టి, బరంపురంలో నా పుస్తకం వేస్తామన్న ప్రెస్సుకి వెళ్లాను. మన రైలు మార్గం చరిత్ర రాయడం పూర్తయింది.

రంభ స్టేషను దగ్గర మీ గ్యాంగువాళ్లు గునపాలతో పట్టాలు సరిచేస్తూ పాడిన పాట మీద ఒక అధ్యాయం రాశాను. నువ్వు సింహాద్రి అప్పన్నను పిలిస్తే, మిగిలినవాళ్లు జగన్నాథుడి పేరుతో అందుకుని ఒక్కసారిగా తోసేవారు కదా. ఆ అధ్యాయం తీసేయమన్నాడు ప్రెస్సు యజమాని.

"పాట సరిత్రెలాగవుద్ది మాస్టారూ? కాయితమ్మీద ఆధారమేటుంది?" అన్నాడు.

ఒళ్లు మండింది నాకు. గొంతు బాగోదని చిన్నప్పుడు నన్ను భజనలో వెనక కూర్చోబెట్టేవాడివి. ఆ గొంతుతోనే లేచి నిలబడి పాట మొత్తం పాడాను. అక్షరాలు కూర్చే ముసలాయన పని ఆపి, "జై జగన్నాథ!" అని అందుకున్నాడు.

"మా అయ్య కూడా గ్యాంగులోనే సేసీవోడు బాబూ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

యజమాని మాత్రం తల అడ్డంగానే ఊపాడు.

"అయితే నా కాయితాలు నాకిచ్చీండి. ఈ పాట లేకుండా నా పుస్తకం రాదు," అని మొత్తం వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఇంకో ప్రెస్సు దొరక్కపోతే చేత్తోనే ప్రతులు రాస్తాను.

ఇంటికొచ్చి ఆ అధ్యాయాన్ని పుస్తకం మొదటికి మార్చాను. పాత రికార్డుల్లో మీ పేర్లు ఎక్కడా లేవు, 'గ్యాంగు, పన్నెండుమంది' అని మాత్రమే ఉంది. పన్నెండు పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశాను నాన్నా. ఇక ఆ పేర్లను ఎవరు కొట్టేస్తారో చూస్తాను.