సమ్‌వన్ ఇంటికి రాలేదు

7 ఫిబ్రవరి 2000, క్వేకర్స్ హిల్

వలసొచ్చినవాళ్ల ఇంగ్లీష్ క్లాసులో ఈరోజు సమ్‌వన్, ఎనీవన్, నోబడీ. ఇంటి గురించి మూడు వాక్యాలు రాయమంది టీచర్ మార్గరెట్. రాశాను. సమ్‌వన్ లివ్స్ ఇన్ మై హౌస్. సమ్‌వన్ ఈట్స్ మై ఫుడ్. ఐ కెనాట్ సే హిజ్ నేమ్.

క్లాసయ్యాక నన్నొక్కదాన్నే ఆపి, తలుపేసి, ఇంట్లో ఏమైనా భయంగా ఉందా అని అడిగింది. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసమట, ఒక ఫోన్ నంబరు చేతిలో పెట్టింది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ చెప్పిందని ఇంగ్లీషులో ఎలా చెప్పను? తలూపి వచ్చేశాను.

ఈయనకి చెబితే పడీ పడీ నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. పెళ్లినాటినుంచీ ఉన్న దగ్గే, చివర్లో కుక్కర్ విజిల్‌లా చిన్న కూత.

21 ఫిబ్రవరి

ఈయన నవ్వడం మానేశారు. వైటూకే కంప్యూటర్ల పని అయిపోయిందిగా, ఇప్పుడు ఆఫీసులో ఏం చేస్తున్నారని అడిగాను. ఏదో ఒకటి అన్నారు. క్యారేజీ మాత్రం మర్చిపోకుండా పట్టుకెళుతున్నారు.

15 మార్చి

పొద్దున వెళ్లిన మనిషి ఇంకా రాలేదు.

16 మార్చి, ఉదయం 6

పోలీసులకి ఫోన్ చేశాను. సమ్‌వన్ డిడ్ నాట్ కమ్ హోమ్ అన్నాను. ఎవరు అంది అవతలావిడ. హస్బెండ్ అన్నాను. పేరడిగింది. నోరు రాలేదు. మళ్లీ అడిగింది. ఫోన్ పెట్టేశాను.

స్టవ్ దగ్గర కూలబడి ఏడ్చాను. అరగంట పోయాక తట్టింది, అక్షరాలు విడివిడిగా చెబితే పేరు పలికినట్టు కాదు కదా అని. మళ్లీ చేసి ఒక్కో అక్షరమే చెప్పాను. కారు నంబరూ చెప్పాను. ఆ అరగంటలో ఆయనకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. నా అంత మొద్దు ఇంకెవరూ ఉండరు.

9.30

మన భాషొచ్చిన పక్కింటి తాహెరా వచ్చి ఈయన ఆఫీసుకి ఫోన్ చేసింది. ఫిబ్రవరి పద్దెనిమిదికే కాంట్రాక్టు అయిపోయిందట. ఇన్నాళ్లూ నేను కట్టిచ్చిన క్యారేజీ ఏ పార్కులో కూర్చుని తిన్నారో. నాకెందుకు చెప్పలేదు? చెబితే తినేస్తానా?

మధ్యాహ్నం 1, హెలెన్స్‌బర్గ్

పోలీసులకి కారు ఇక్కడి మన గుడి పార్కింగ్‌లో దొరికింది. తాహెరా నన్ను తీసుకొచ్చింది. క్యారేజీ ముందు సీట్లో ఉంది, మూత కూడా తియ్యలేదు. ఏం చెయ్యాలో తోచక క్లాసు నోట్‌బుక్కులోనే ఇది రాస్తున్నాను.

గుడి వెనకంతా బుష్, చిట్టడివి. వెతకడానికొచ్చిన ఆరెంజ్ బట్టల వాలంటీర్లు పన్నెండుమంది ఆయన పేరు పెట్టి అరుస్తున్నారు. ఇంతమంది పేరు పెట్టి అరుస్తుంటే బయటికి వచ్చే మనిషి కాదు. ఆయనకి సిగ్గెక్కువ. ఆ మాట తాహెరా చేత చెప్పించాను. అప్పుడు పోలీసావిడ, ఇంట్లో మీరు ఏమని పిలుస్తారని అడిగింది.

"ఏమండీ," అన్నాను.

రాసుకుంది. రెండుసార్లు నా చేత పలికించుకుని వాళ్లందరికీ నేర్పింది.

సాయంత్రం 4

పన్నెండుమంది తెల్లవాళ్లు నా మొగుణ్ణి ఏమండీ, ఏమండీ అని పిలుచుకుంటూ చెట్లలోకి వెళ్లారు. ఇంకెప్పుడైనా అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. ఈయన కూడా.

పిలిచీ పిలిచీ నా గొంతు బొంగురుపోయింది. మబ్బు పట్టింది. దేవుడా, పేరు పెట్టి పిలవమంటే పిలుస్తాను. తగ్గించేదేదో నా ఆయుష్షులో తగ్గించు.

4.40

పిలిచాను. మొదటిసారి. పేరు పెట్టి.

చెట్లలో ఎవరో దగ్గారు. చివర్లో చిన్న కూత.