మిగిలిన బిళ్ళల డబ్బా

ఆగస్టు 4
ఈయనకు రక్త క్యాన్సర్‌కి మూలకణాలు ఎక్కించి వారం. ఉదయం ఆరింటికి 98.4. పదింటికి 101.2! ఈయన ఒంట్లో తెల్లకణాలు ఇప్పుడు దాదాపు సున్నా — జ్వరం అంటే ఆట కాదు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీశారు. రిపోర్టు రాకముందే ఇంజెక్షన్లు మొదలు.
ఈయన మాత్రం మాస్కులో ఉన్న నర్సుతో — "రేపు మాచర్లలో ఎదురొచ్చినా నిన్ను గుర్తుపట్టలేనమ్మా."

ఆగస్టు 5
102. గోంగూర పచ్చడి కావాలట. ఉడికించిన వేడి తిండి తప్ప ఏదీ లేదన్నాను. "జైలే నయమే."

ఆగస్టు 6
రక్తంలో క్రిమి దొరికింది. రిపోర్టు కాగితంలో పదిహేను మందుల పేర్లు. పదమూడింటికి లొంగదు. ఈ రెండు రోజులూ ఇస్తున్నదీ ఆ పదమూడులోదే. వెంటనే మార్చారు.
ఇంతకుముందు ఏ మందులు వాడారని డాక్టరమ్మ అడిగింది. నా నోటుబుక్ ఇచ్చాను. ఏ జ్వరానికి ఏ బిళ్ళ, ఎన్ని — అన్నీ ఉన్నాయి. మెచ్చుకుంది. రెండో పేజీలో ఆగింది.
"ఐదు రోజులకి రాసినవి రెండు రోజులకే ఆపేశారేం?"
జ్వరం తగ్గిందని. మిగిలినవి బిస్కెట్ డబ్బాలో దాచి, మళ్ళీ జ్వరం వస్తే అవే... ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆగస్టు 7
అందువల్లే వచ్చిందని చెప్పలేం, ఇలాంటి క్రిములు ఆసుపత్రుల్లోనూ ఉంటాయి అంది డాక్టరమ్మ. నా మొహం చూసి అందేమో.
ఈయనకు చెప్పేశాను. నవ్వారు!
"మిరపలో తామర పురుగుకీ ఇంతేగా. సగం మందు కొడితే చావదు, ముదురుద్ది. డోసు తగ్గించొద్దని చేలో నామీద అరిచేదానివి. ఇంట్లో నువ్వు చేసిందేందే?"
ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. 100.8.

ఆగస్టు 8
100.2. పక్కింటి రమణమ్మ ఫోన్. మొక్కలకు నీళ్ళు పోయడానికి మా తాళం ఆమె దగ్గరే ఉంది.
"వదినా, మీ అన్నయ్యకి జలుబు చానా ఎక్కువైంది. నీ డబ్బాలో ఎర్ర బిళ్ళలు రెండు తీసుకుంటన్నా."
వీధి మొత్తానికి ఆ డబ్బానే దిక్కు. చీటీలు అంటించి మరీ అలవాటు చేసింది నేనే.
"ముట్టుకోవద్దు."
"ఏంది వదినా, రెండు బిళ్ళల దగ్గర పిసినారితనం?"
జరిగిందంతా చెప్పాను. ఆమె మెల్లగా — "అయితే పోయిన నెల తీసుకున్నవి తెచ్చి పెట్టేదా?"
స్పీకర్‌లో వింటున్న ఈయన పడీ పడీ నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

ఆగస్టు 9
98.8. నమ్మకం లేక మళ్ళీ పెట్టాను. 98.8.

ఆగస్టు 10
తెల్లకణాలు లేచాయి! "మొలక కనపడిందే" అన్నారు, చేను చూసొచ్చినట్టు. క్రిమి పోయిందో లేదో తేలడానికి మళ్ళీ రక్తం తీశారు. గోంగూర మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదు.

ఆగస్టు 11
జ్వరం లేదు. ఈయన పొద్దున్నించీ ఒకటే పాట — "తగ్గిందిగా, ఇంక ఆ ఇంజెక్షన్ ఆపమనవే. ఈ గొట్టం పీకేయమను."
తగ్గిందిగా... ఆ మాట నాదే. ఎన్నేళ్ళు అన్నానో.
"పద్నాలుగు రోజులు. ఒక్కటి కూడా తగ్గదు."
"అమ్మో, డాక్టరమ్మే నయం."
నోటుబుక్‌లో పద్నాలుగు గళ్ళు గీశాను. ఆరు నిండాయి. నిన్నటి రక్తం తొలి రిపోర్టు సాయంత్రానికి వస్తుందన్నారు... రాత్రి ఏడు దాటింది. తలుపు చప్పుడైతే ఇద్దరం ఒకేసారి చూస్తున్నాం. ఈసారి వచ్చింది రిపోర్టు కాదు, ఇడ్లీ.