పావుతక్కువ అయిదుకి బండి సిద్ధం

అక్కా,

ఇక్కడ అందరం కులాసా, నా బుర్ర ఒక్కటి తప్ప. కుట్లు విప్పేశారని, మెట్లెక్కుతున్నావని చదివాక ప్రాణం లేచొచ్చింది. మెల్లిగా ఎక్కు తల్లీ, అసలే నీకు తొందరెక్కువ. నువ్వడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి గోడ చెమ్మ ఆరింది. మీ మరిదికి దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు.

"బావ బండి బాగా నడుస్తోందా?" అని రాశావు. ఏం చెప్పమంటావక్కా! కరెంటు కారైనా నడవడం బంగారంలా నడుస్తుంది. ఛార్జింగ్ దగ్గరే తిక్క. ఇంట్లో రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండుగా ఉంటుంది. అదే పగలు బయట పెడితే చుక్క ఎక్కదు. ఫాస్ట్ ఛార్జర్ ఎలాగూ లేదు, దీనిది పాతరకం సాకెట్టు, దానికి సరిపోయే వైర్లు ఛార్జింగ్ స్టేషన్లలో తీసేశారు. మరి మామూలు ఛార్జర్‌కేం రోగం? మూడు నీలం లైట్లు కన్నుకొట్టి ఆరిపోతాయి. "మీ బండి పాతదండీ, మా మెషీను గుర్తుపట్టట్లేదు" అన్నాడు స్టేషనతను. షాపువాడు అడాప్టరు అంటగట్టాడు. అది చక్కగా కూర్చుంది, కరెంటే రాలేదు. మీ మరిది "తప్పంతా వైరుదే" అని ఇంకో వైరు తెచ్చారు. తలో మాటా విని నాకు మతిపోయింది. ఇంట్లో బుద్ధిగా తాగే బండి బయట నోరెందుకు కట్టుకుంటుంది?

ఇప్పుడొకటి చెప్పాలి, కోప్పడకు. నీ ఆపరేషన్ రోజు నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో సెలవివ్వలేదని రాశాను చూడు, అది అబద్ధం. చీకటితోనే ఆ బండిలో నీ దగ్గరికి బయల్దేరాను. సగం దారిలో ఛార్జింగ్ కోసం ఆగాను. పదింటి నుంచి మూడింటి దాకా ఆ స్టేషన్లోనే పడి ఉన్నాను. నిన్ను లోపలికి తీసుకెళ్ళే టైము అక్కడే దాటిపోయింది. ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది. "పోతూ పోతూ ఈ డొక్కుని నా నెత్తిన పెట్టాడు" అని బావని నోటికొచ్చినట్టు తిట్టాను, పైకే. పోయిన మనిషిని తిట్టిన నోటితో నీకు నిజం ఎలా చెప్పను? బండిని లారీ ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను.

మొన్న ఆదివారం పక్కింటాయన వచ్చాడు, బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. అడాప్టర్లు పక్కన పడేసి, బండిలో తెర మీద ఏవో నొక్కి చూశాడు. "అమ్మా, దీనికి టైమర్ పెట్టి ఉంది. రోజూ తెల్లవారుజామున పావుతక్కువ అయిదుకి నిండాలని. పగలు ప్లగ్గు పెడితే రాత్రి దాకా ఊరికే కూర్చుంటుంది. ఎవరు పెట్టారు?"

నువ్వు ఈ బండిలో బేకరీ తలుపు తియ్యడానికి బయల్దేరే టైము కదక్కా అది, బావే పెట్టి ఉంటాడు. బావ పోయి ఏడాది దాటింది. ఆ బండి నా వాకిట్లో ఉండి కూడా రోజూ నీకోసమే తయారవుతోంది.

"తీసెయ్యమంటారా?" అన్నాడాయన. అవునన్నాను, కాదన్నాను, మళ్ళీ అవునన్నాను. చివరికి "ఉంచండి, దారిలో ఒక్కసారికి టైమర్ ఆపడమెలాగో నేర్పండి చాలు" అన్నాను. దానికో బటనుందట. ఇన్నాళ్ళూ నా మోకాలి దగ్గరే ఉంది!

టైమర్ తియ్యాలో ఉంచాలో నాకిప్పటికీ తెలీట్లేదు. నువ్వే చెప్పాలి. బావకి క్షమాపణ ఎలా చెప్పుకోవాలో కూడా నువ్వే చెప్పాలి. శనివారం వస్తున్నాను. పావుతక్కువ అయిదుకి బయల్దేరతాను. బండి అప్పటికి సిద్ధంగా ఉంటుంది.

ఇట్లు,
నోటిదురుసు తగ్గించుకుంటానని ఒట్టేస్తున్న
నీ చెల్లి