సగం తిప్పిన బల్ల
రీమ్స్, ఏప్రిల్ 1916

అమ్మా, నేనూ పాపా బాగానే ఉన్నాం. ఊరి మీద ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి గానీ, మేముండేది షాంపేను సీసాల నేలమాళిగలో. అంత లోతుకి ఏ గుండూ రాదు, బెంగపడకు.

నీ అల్లుడు యుద్ధం నుంచి రెండ్రోజుల సెలవు మీద వచ్చి వెళ్లారు. ఆదివారం అందరం సూపు తాగుతుంటే, పక్క వరసలో ఒక సీసా లోపలి పొంగుకి ఠప్పున పేలింది. మాకది మామూలే. ఆయన మాత్రం నన్నూ పాపనీ నేలకి అదిమేసి మా మీద పడిపోయారు. “సీసారా గస్తోన్, మన సీసానే” అని మామగారు ఎంత చెప్పినా ఆయన చేతుల వణుకు ఆగలేదు. ఎవరమూ నవ్వలేదు.

“ఊరికే కూర్చుని సూపు తాగితే ఎలా, పని పట్టు” అని కసిరి, మామగారు కొడుకుని సీసాలు తలకిందులుగా గుచ్చి ఉంచే బల్ల దగ్గరికి లాక్కెళ్లారు. మడ్డి మూతిలోకి దిగేలా సీసాల్ని రోజూ కాస్త కాస్త తిప్పుతాం కదా, ఆ పని. సగం బల్ల అయ్యేసరికి చేతులు కుదుటపడ్డాయి. అంతలో రైలు వేళయింది.

మేక ఈనిందా? నాన్న దగ్గు ఎలా ఉంది? పాపకి ఉన్ని మేజోళ్లు పంపు, ఇక్కడ సుద్దగోడల చలి. నాన్నకి నా ముద్దులు.

నన్ను అక్కడికి వచ్చేయమన్నావు. ఇప్పుడు రాలేనమ్మా. మామగారు రోజూ అన్ని బల్లలూ తిప్పుతారు, ఆ ఒక్కటి తప్ప. పాడవుతుందేమోనని నిన్న నేను చెయ్యి పెట్టబోతే కసురుకున్నారు.

“ముట్టుకోకమ్మా. సగంలో వదిలేసి పోయాడు, వెధవ. వాడే వచ్చి తిప్పుతాడు.”

నీ ఒదీల్